పెళ్లి ఫోటోల సీడీ సగంలో ఆగిపోతాంది

ప్రశ్న, అనంతపురం: 2006లో రాసిన సీడీ. కింది వైపు గీతలున్నాయి. పళ్ల పేస్ట్ రుద్దితే పోతాయా అన్నా?

కడప నుంచి: ముందు ట్యూబ్‌లైట్‌కు అడ్డం పట్టి చూడప్పా. సూదిమొనంత వెలుతురు దూరితే లేబుల్ కింద అద్దంపూత లేచిపోయినట్టే. ఆడ డేటా లేదు, ఎంత రుద్దినా రాదు. పూత బాగుంటే ఆశుంది. 780 నానోమీటర్ల లేజర్ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి లోపల ఫోకస్ అవుతాది, కాబట్టి ప్లాస్టిక్ మీది గీత దానికి మసకే. తెల్ల పేస్ట్ తీసుకో, జెల్ వద్దు. మెత్తని తడిగుడ్డతో నడిమి నుంచి అంచుకు నేరుగా తుడువు. గుండ్రంగా రుద్దితే కొత్త గీత ట్రాక్ (డేటా రాసిన చుట్టల వరస) వెంబడే పడి వరుసగా బిట్లు పోతాయి, పోయిన బిట్లను లెక్కగట్టి నింపే ఎర్రర్ కరెక్షన్ అంత పొడుగు పూడ్చలేదు.

కర్నూలు నుంచి: రుద్దకముందే డీడీరెస్క్యూ (పాడైన డిస్క్ నుంచి డేటా లాగే ప్రోగ్రామ్)తో ఇమేజ్, అంటే సీడీ మొత్తం నకలు, తీయండి; సెక్టార్ (ఒకసారికి చదివే ముక్క) సైజు 2048 బైట్లు. చదవని ఖాళీలకు అదే మ్యాప్‌ఫైల్ (ఏది చదివిందో, ఏది మిగిలిందో రాసుకునే ఫైల్)తో వేరే డ్రైవ్‌లో మళ్లీ నడపండి. ఒకటి చదవలేనిది ఇంకోటి చదువుతుంది.