గ్రాఫిక్స్ కార్డు: 1050 టీఐ తీసుకోవాలా, ఆర్‌ఎక్స్ 570 తీసుకోవాలా?

ప్రశ్న: బెంగళూరు ఎస్పీ రోడ్డులో రెండూ సెకండ్ హ్యాండ్‌లో ఉన్నాయి, ధరలో పెద్ద తేడా లేదు. నాది ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న చిన్న కేసు పీసీ. 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), కార్డుకిచ్చే విడి పవర్ కేబులే లేదు.

జవాబు: అయితే 570 మాట మర్చిపోండి బ్రో. దానికి 150 వాట్లు, విడిగా పవర్ కనెక్టర్ కావాలి. 1050 టీఐకి 75 చాలు, చాలా మోడళ్లు మదర్‌బోర్డు స్లాట్ నుంచే లాగేసుకుంటాయి.

జవాబు: ఆటల్లో మాత్రం 570దే పైచేయి. మెమరీ బస్ (కార్డు మెమరీకి డేటా వెళ్లొచ్చే దారి) 256 బిట్, అవతలిది 128. కాకపోతే సెకండ్ హ్యాండ్ 570ల్లో క్రిప్టోకరెన్సీ మైనింగ్‌కి రాత్రీపగలూ అరగదీసినవే ఎక్కువ. ఏది కొన్నా షాపులోనే బరువైన గేమో టెస్టో నడిపించి అరగంట లోడ్ పెట్టించండి. స్క్రీన్ మీద రంగు చుక్కలు మెరిశాయా, దండం పెట్టి వచ్చేయండి.

అడిగినవారు: సరే, 1050 టీఐ. లో ప్రొఫైల్‌ది (చిన్న కేసులో పట్టే పొట్టి కార్డు) దొరుకుతుందా?

జవాబు: ఉంటాయండీ. కార్డును కేసుకి బిగించే పొట్టి బ్రాకెట్ ఇచ్చాకే డబ్బులివ్వండి.