సైటుకి సొంత ఎర్రర్ పేజీలు: తెలుగు, ఒడియా రెండింట్లో పెట్టడం ఎలా?

బరంపురం_పట్టు:
బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టుకి సైటు చేస్తున్నాను. షేర్డ్ హోస్టింగ్, అపాచీ సర్వర్. తెలుగు పేజీలు ‘టీఈ’ ఫోల్డర్లో, ఒడియావి ‘ఓఆర్’ ఫోల్డర్లో ఉన్నాయి. లింకు తప్పితే వచ్చే ఇంగ్లీషు ముక్క తీసేసి, కొనేవాళ్లకి అర్థమయ్యేలా మన పేజీ రావాలని డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (ఫోల్డర్‌కి సర్వర్ నియమాలు రాసే ఫైలు) ఎర్రర్‌డాక్యుమెంట్ 404 (‘పేజీ దొరకలేదు’ అనే కోడు) అని రాసి, పక్కన హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి పేజీ పూర్తి అడ్రసు ఇచ్చాను. పేజీ బాగానే వస్తోంది. కానీ గూగుల్ సెర్చ్ కన్సోల్ ఆ లింకుల్ని ‘సాఫ్ట్ 404’ అంటోంది. ఒడియా లింకు తప్పినా తెలుగు పేజీయే వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

రాయగడ_వెబ్:
దొరకని ప్రతి లింకునీ హోమ్ పేజీకి మళ్లించెయ్యండి, ఏ గొడవా ఉండదు.

పర్లాకిమిడి_లైనక్స్:
రాయగడ మిత్రమా, అలా చేస్తే ఈయన సమస్య రెట్టింపవుతుంది. అన్నీ హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటినీ సాఫ్ట్ 404 గానే లెక్కేస్తుంది. పైగా ఫలానా చీర కోసం లింకు నొక్కినవాళ్లకి హోమ్ పేజీ ఎందుకు తెరుచుకుందో అర్థం కాదు.

బరంపురం గారూ, తప్పు ఆ పూర్తి అడ్రసులోనే ఉంది. హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైన అడ్రసు ఇస్తే అపాచీ 404 అని చెప్పడం మానేసి, 302తో (తాత్కాలిక మళ్లింపు) ఆ అడ్రసుకి పంపేస్తుంది. అక్కడ మీ పేజీ నిజంగానే ఉంది కాబట్టి 200 వస్తుంది. కళ్లకి కనిపించేది ‘పేజీ లేదు’, యంత్రానికి అందేది ‘అంతా బాగుంది’. సాఫ్ట్ 404 అంటే ఇదే. డొమైన్ తీసేసి, ఏటవాలు గీతతో మొదలయ్యే లోపలి దారి మాత్రమే రాయండి:

ఎర్రర్‌డాక్యుమెంట్ 404 /టీఈ/404.హెచ్‌టీఎంఎల్

ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి. ఆ మొదటి గీత మరిచిపోతే, ఇచ్చినది దారి అని అపాచీకి తెలియదు, ఆ అక్షరాల్నే సందేశంగా తెర మీద చూపిస్తుంది.

భాషల సంగతికి, ఎర్రర్‌డాక్యుమెంట్ ఫోల్డర్ వారీగా పనిచేస్తుంది. ‘ఓఆర్’ ఫోల్డర్లో ఇంకో డాట్ హెచ్‌టీయాక్సెస్ పెట్టి అందులో ఒడియా పేజీ దారి ఇవ్వండి. ఆ కిందివన్నీ దాన్నే పాటిస్తాయి. ఏమీ మారకపోతే, సర్వర్లో అలోఓవర్‌రైడ్‌కి (ఈ ఫైల్లో రాసినవాటిలో ఏవి చెల్లాలో చెప్పే సెట్టింగు) ఫైల్‌ఇన్ఫో అనుమతి లేదేమో హోస్టింగ్ వాళ్లని అడగండి.

ఒక జాగ్రత్త. ఈ ఫైలుని యూటీఎఫ్-8లో దాచేటప్పుడు కొన్ని ఎడిటర్లు మొదట్లో బీఓఎం అనే కనిపించని గుర్తు చేరుస్తాయి. అపాచీకి అది అర్థం కాని ఆదేశం. మొత్తం ఫోల్డరంతా 500 (సర్వర్ లోపలి తప్పు) అయిపోతుంది. బీఓఎం లేకుండా దాచండి.

మార్చాక బ్రౌజర్‌ని నమ్మకండి, అది అంకె చూపించదు. టెర్మినల్లో కర్ల్ కమాండుకి -ఐ జతచేసి, లేని ఒక లింకు ఇవ్వండి. ఆ ‘ఐ’ పెద్దక్షరం. మొదటి వరసలోనే 404 ఉండాలి. 302, దాని కింద లొకేషన్ అని కనిపిస్తే ఇంకా పాత తప్పే.

బరంపురం_పట్టు:
ధన్యవాదాలండీ. ఇప్పుడు రెండు భాషల్లోనూ 404 సరిగ్గా వస్తోంది. కానీ కొత్త చిక్కు. టీఈ/చీరలు/కొత్తవి లాంటి లోతైన లింకు తప్పితే పేజీ రంగుల్లేకుండా, బొమ్మల్లేకుండా వస్తోంది. ఇంతకు ముందు ఇలా లేదు.

జయపురం_సర్వర్:
ముందు 302తో అడ్రసే మారిపోయేది, అందుకని నప్పింది. ఇప్పుడు అడ్రసు బార్‌లో తప్పు లింకు అలాగే ఉంటుంది. మీరు స్టైల్.సీఎస్ఎస్ అని ఉత్త పేరు రాసి ఉంటారు. బ్రౌజర్ దాన్ని లేని ఆ ‘చీరలు’ ఫోల్డర్లో వెతుకుతుంది. సీఎస్ఎస్, బొమ్మలు, లింకులు అన్నిటికీ ఏటవాలు గీతతో మొదలయ్యే దారి ఇవ్వండి.

500 పేజీకి ఇంకో మెట్టు ముందుకెళ్లాలి. 500 వచ్చిందంటే పీహెచ్‌పీయో డేటాబేసో పడిపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు వాటి మీద ఆధారపడే పేజీ కూడా పడిపోతుంది. అందుకని దాన్ని ఉత్త హెచ్‌టీఎంఎల్‌గా ఉంచి, సీఎస్ఎస్ కూడా అందులోనే రాసేయండి. కొట్టు ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్లేలా పెట్టండి. ఆ సమయంలో కొనేవాళ్లకి పనికొచ్చేది అదొక్కటే.

404 పేజీ కూడా తేలిగ్గా ఉండాలి. ఒక పేజీలో పది బొమ్మల లింకులు తప్పితే సర్వర్ ఈ పేజీని పదిసార్లు పంపుతుంది. మన ఘాట్ రోడ్ల మీద సిగ్నల్ ఎలా ఉంటుందో తెలిసిందే కదా.

ఒడియా పేజీలో లాంగ్ గుర్తు ‘ఓఆర్’, తెలుగులో ‘టీఈ’ ఉండాలి. తెలుగు ఫాంటులో ఒడియా అక్షరాలుండవు. ఒడియా పేజీకి నోటో శాన్స్ ఒరియా విడిగా పెట్టండి. అక్షరాలు డబ్బాలుగా కాక పిచ్చి గుర్తులుగా వస్తే అది ఫాంటు తప్పు కాదు, పేజీ తలలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 లేకపోవడం.

సైటు మరమ్మతు చేసేటప్పుడు 503 (‘ప్రస్తుతానికి అందుబాటులో లేదు’) ఇవ్వండి, హెడర్ ఆల్వేస్ సెట్ రిట్రై-ఆఫ్టర్ 3600 అని చేర్చండి. అది సెకన్లలో, అంటే గంట. ‘ఆల్వేస్’ లేకపోతే ఎర్రర్ జవాబుల్లో ఆ హెడర్ వెళ్లదు. రీరైట్‌తో (అడ్రసులు మార్చే అపాచీ నియమం) అందర్నీ 503కి పంపుతుంటే, 503 పేజీ దారికి మినహాయింపు తప్పనిసరి. లేకపోతే ఆ పేజీ కూడా 503 తగిలి, అపాచీ సొంత ఇంగ్లీషు సందేశమే మళ్లీ వస్తుంది.

పర్లాకిమిడి_లైనక్స్:
ఇంకొకటి. ఇక నేయని చీర పేజీకి 404 కన్నా 410 సరైనది, ‘శాశ్వతంగా తీసేశాం’ అని. రీడైరెక్ట్ గాన్ అని రాసి పక్కన దారి ఇస్తే చాలు. చోటు మారిన పేజీకి మాత్రం 301 (శాశ్వత మళ్లింపు).

సిరొంచ_గట్టు:
అపాచీ బదులు ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ వాడేవాళ్లకి: ఎర్రర్_పేజ్ 404 తర్వాత దారి ఇచ్చి, ఆ పేజీ లొకేషన్‌లో ఇంటర్నల్ అని రాయండి, అప్పుడు ఎవరూ దాన్ని నేరుగా తెరవలేరు. మధ్యలో ‘=200’ పెట్టమని కొందరు చెబుతారు, వద్దు, మళ్లీ సాఫ్ట్ 404 అవుతుంది. పీహెచ్‌పీ పంపే 404కి మీ పేజీ రావాలంటే ఫాస్ట్‌సీజీఐ_ఇంటర్‌సెప్ట్_ఎర్రర్స్ ఆన్ చేయాలి.

బరంపురం గారూ, మీ లింకుల్లో తెలుగు అక్షరాలున్నాయి కాబట్టి ఇది కూడా చూడండి. ‘బరంపురం’ అన్న ఒక్క మాట అడ్రసులో శాతం గుర్తులతో కలిపి 63 అక్షరాలవుతుంది. ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైటుకి 3 అక్షరాలు. సందేశాల్లో పంపేటప్పుడు అంత పొడుగు లింకు మధ్యలో తెగితే నేరుగా 404. ఇంకా, ‘స్టోర్’ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు కనిపించని జెడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు వదిలేస్తాయి. కంటికి రెండు లింకులూ ఒకటే, సర్వర్‌కి వేరు. యాక్సెస్ లాగ్‌లో 404 వరసలు తీసి, లింకు చివర ‘%ఈ2%80%8సీ’ ఉందేమో వెతకండి. ఉంటే పేజీ పేరులోంచి ఆ గుర్తు తీసేసి, పాత లింకుకి 301 ఇవ్వండి.