నైరోబీ ప్లాట్ల రేట్లు: పాపం బయట సంపాదించేవాళ్లదేనా?

పార్క్‌లాండ్స్_ప్రసాద్
నైరోబీ వచ్చి తొమ్మిదేళ్లయింది. మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నిన్న మధ్యాహ్నం మా క్యాంటీన్‌లో జరిగిన గొడవ ఇంకా బుర్రలోంచి పోవట్లేదు, మీ అందరి ముందు పెడుతున్నా.

మా స్టోర్ కీపర్‌కి నలభై దాటాయి. నైరోబీ తూర్పున ఈస్ట్‌లాండ్స్‌లో అద్దె గది. పొద్దున ఐదింటికి మటాటూ (ఇక్కడి షేర్ వ్యాను) ఎక్కితేగానీ ఏడున్నరకి డ్యూటీకి అందుకోలేడు. 2012లో నైరోబీ నుంచి తికా ఊరికి వెళ్లే తికా రోడ్డు వెడల్పు చేసి తెరిచినప్పుడు, ఆ దారిలోనే ఉన్న జూజా దగ్గర 50 బై 100 ప్లాటు నాలుగు లక్షల షిల్లింగులకి ఇస్తామన్నారట. పిల్లల ఫీజులు కట్టాక చూద్దాంలే అనుకున్నాడు. ఇప్పుడు అదే వరసలో ఇరవై లక్షలు చెబుతున్నారు. "అమెరికాలో ఉన్నవాళ్లు ఫోన్లోనే కొనేస్తుంటే ఇక మాకేం మిగులుతుంది" అన్నాడు. ఎదురుగా కూర్చున్న డిస్పాచ్ అమ్మాయి ప్లేటు పక్కకి నెట్టేసింది. వాళ్లక్క టెక్సాస్‌లో నర్సు. "మా అక్క రాత్రి డ్యూటీలు చేసి కొనుక్కుంది. ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు" అంది. ఇద్దరి ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద) చల్లారిపోయింది, ఎవరూ తినలేదు.

బయట ఉన్న కెన్యా వాళ్లు 2024లో ఇంటికి పంపిన డబ్బు దాదాపు 495 కోట్ల డాలర్లు. టీ, కాఫీ ఎగుమతులు రెండూ కలిపినా అందులో సగం రాదు. ఎక్కువ భాగం తిండికీ ఫీజులకీ మందులకీ పోతుంది, కాదనను. మిగిలింది మాత్రం నేరుగా మట్టిలోకే వెళుతుంది. ఈ డబ్బు ఊరిని కడుతోందా, ఊళ్లోవాళ్లని ఊరవతలకి నెడుతోందా? మొహమాటం లేకుండా చెప్పండి.

డాలస్_బాబాయ్
ప్రసాదూ, నేను ఆ డిస్పాచ్ అమ్మాయి పక్షం. నేను ఐటీ చూసే హాస్పిటల్లో కెన్యా నర్సులు చాలామందే ఉన్నారు. పన్నెండు గంటల షిఫ్టులు, పైన ఓవర్‌టైమ్. ఒకావిడ బ్రేక్‌రూమ్‌లో ఫోను తీసి ప్లాటు ఫోటో చూపిస్తుంటుంది. ఎర్రమట్టి, వెనకాల ఒక యూకలిప్టస్. అంతటితో ఆగదు, వేళ్లతో పెద్దది చేసి మూలన ఉన్న హద్దురాయి కూడా చూపిస్తుంది. చూపించిన ప్రతిసారీ ఆ రాయి చూడాల్సిందే.

సొంత దేశంలో నాలుగు గజాలు కొనుక్కుంటే నేరమా? మరి బ్యాంకులో వేసుకోమంటారా? 2024 జనవరిలో డాలరుకి 160 షిల్లింగులు అయింది. షిల్లింగుల్లో దాచుకున్నవాడి గతేంటి? మట్టి కరగదు.

లెక్కల_మాస్టారు
ముందు ఒక చిల్లర లెక్క. 50 బై 100 అంటే 5,000 చదరపు అడుగులు, మన 555 గజాలు. దాన్ని అక్కడ ఎకరంలో ఎనిమిదో వంతు అని చెప్పి అమ్ముతారు. ఎకరం 4,840 గజాలు, అందులో ఎనిమిదో వంతు 605. ఆ 50 గజాలూ రోడ్ల కింద పోయాయంటారు. మన వెంచర్లలో వినని మాటా ఇది?

ఇక అసలు సంగతి. బాబాయ్ గారూ, షిల్లింగు 160కి పడిన మాట చెప్పారు, అదే ఏడాది 130కి తిరిగొచ్చిన మాట మింగేశారు. సరే, అది వదిలేద్దాం. కొన్నదెవరు అని కాదు, కొని ఖాళీగా పెట్టుకుంటే ఏడాదికి ఎంత వదులుతుంది అని అడగండి. నైరోబీలో స్థలం పన్ను దాదాపు నలభై ఏళ్లపాటు 1980ల మొదట్లో రాసిన విలువల పట్టికతోనే నడిచింది. రేటు ఆకాశానికి పోయినా పన్ను ఆనాటి లెక్కే. స్థలం అమ్మితే వచ్చే లాభం మీద పన్ను 1985లో ఆపేశారు, మళ్లీ 2015లోగానీ పెట్టలేదు. అదీ 5 శాతం. 2023లో 15 చేశారు. అంటే ముప్ఫై ఏళ్లు కొని పడేసుకుని, అమ్ముకుని, లాభం మొత్తం జేబులో వేసుకోవచ్చు. ఈ పని చేసింది నర్సులు కాదు, నైరోబీలోనే ఉన్న పెద్దమనుషులు. నర్సులు చివర్లో వచ్చి చేరారు.

అప్పు సంగతి కూడా చూడండి. 5 కోట్లు దాటిన జనాభాకి 2023 చివర్లో దేశం మొత్తం మీద ఇంటి లోన్లు 30 వేల దరిదాపుల్లో ఉన్నాయి, వడ్డీ 14 శాతం పైమాటే. స్టోర్ కీపర్‌కి లోను పుట్టదు, నర్సు చేతిలో రొక్కం ఉంది. వేలంపాటలో ఒకరికి నోరుంది, ఒకరికి లేదు. అంతే తేడా.

శ్రీలత_అక్రా
మాస్టారూ, ఘనా రాజధాని మా అక్రా సంగతి వినండి. ఇక్కడ జీతం సెడీల్లో (ఘనా కరెన్సీ), మంచి ఏరియాలో అద్దె డాలర్లలో. ఈస్ట్ లెగాన్, కంటోన్మెంట్స్ వైపు ఓనర్లు సెడీ పేరే ఎత్తరు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం, 2022 డిసెంబరులో ఇక్కడ ధరల పెరుగుదల 54 శాతం. అయితే దెబ్బ కింద వరకూ దిగుతుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడని గది ఓనరు రెండేళ్ల అద్దె ఒకేసారి కట్టమన్నాడు. ఆరు నెలలకి మించి అడ్వాన్సు అడగకూడదని 1963 నుంచీ చట్టం ఉంది. ఆ చట్టం పేరు చెబితే ఆవిడే నవ్వింది.

మీరంతా బయటివాళ్లని ఒకే గాటన కడుతున్నారు. ఇక్కడ రెండు రకాలు. ఒకరు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పనిచేసే ఘనా వాళ్లు. రెండోవాళ్లు బానిసలుగా ఎత్తుకుపోయినవాళ్ల సంతతి. 1619లో ఆఫ్రికన్లను తొలిసారి వర్జీనియా తీరంలో దింపి 400 ఏళ్లయిందని ఘనా ప్రభుత్వం 2019ని 'తిరిగి వచ్చే ఏడాది'గా చేసింది. రండి, మీ ఇల్లు ఇదే అని పిలిచింది. వచ్చారు, కొందరు ఉండిపోయారు. పౌరసత్వం లేకపోతే 50 ఏళ్ల లీజే, సొంతం కాదు. అయినా కొంటున్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషిని నువ్వు ఇన్వెస్టర్‌వి, అద్దెలు పెంచావు అని ఏ మొహంతో అంటాం? అద్దెలు పెరిగిన మాటా నిజమే. నాకైతే తేలట్లేదు.

ఇంకొకటి. ఇక్కడ భూమిలో 80 శాతం దాకా ఊరి పెద్దలదీ కుటుంబాలదీ. ఊరి పెద్ద గద్దె పేరు మీద ఉండే భూమి. ఆ కుటుంబంలో ఒకరు అమ్మింది ఇంకొకరు ఒప్పుకోరు. మా వీధి చివర ఖాళీ స్థలం గోడ మీద ఎర్ర రంగుతో 'ఈ స్థలం అమ్మకానికి లేదు' అని ఉంటుంది. దాని మీద సున్నం కొట్టి నల్ల రంగుతో అదే మాట ఇంకొకరు రాశారు. మొన్న మళ్లీ ఎరుపు పడింది. ముగ్గురు ఓనర్లన్నమాట, గోడ మాత్రం ఒక్కటే.

కొండాపూర్_కిరణ్
నేను ఈ ఫీల్డులోనే ఉన్నా, సూటిగా చెబుతా. రోడ్డొస్తే రేటొస్తుంది, అది ప్రకృతి. తికా రోడ్డు వాళ్లకి మన హైదరాబాద్ ఓఆర్ఆర్ లాంటిది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు కూడా ఎన్నారైల వల్లే అని ఇలాగే ఏడ్చారు. అందనివాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి కొనుక్కోవాలి. అప్పుడు నాలుగు లక్షలు ఎక్కువనుకున్నాడు కదా మీ స్టోర్ కీపర్.

లెక్కల_మాస్టారు
కిరణ్ గారూ, ఎక్కువనుకున్నాడని ప్రసాద్ రాయలేదు, పిల్లల ఫీజులు అని రాశాడు. "ఇంకొంచెం ముందుకి" అంటే మటాటూలో ఇంకో గంట. ఆ మనిషి నాలుగింటికే లేవాలి. దాని రేటు కూడా మీ బ్రోచర్లో వేయండి.

పార్క్‌లాండ్స్_ప్రసాద్
ప్రకృతి అనే మాట దగ్గర నాకూ మండింది. నైరోబీ 1899లో రైల్వే డిపోగా మొదలైన ఊరు. తెల్లవాళ్లు పడమటి వైపు ఎర్రమట్టి మెరక తీసుకున్నారు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లకి మధ్యలో పార్క్‌లాండ్స్, ఈస్ట్‌లీ లాంటి పేటలు దక్కాయి. ఆఫ్రికన్లని తూర్పున నల్లరేగడిలోకి తోశారు, వానొస్తే చెప్పు ఊడి అక్కడే ఉండిపోయే నేల అది. ఇవాళ్టి రేట్ల మ్యాపు తీయండి, అవే గీతలు. నేను అద్దెకుంటున్నదీ ఆ మధ్య గీతలోనే, ఆ మాట దాచను.

అయితే బయటి డబ్బంతా ఒకేలా ఉండదు. ఈస్ట్‌లీనే చూడండి. 1991లో సోమాలియా కూలిపోయాక శరణార్థులు అక్కడికి చేరారు. ఒక లాడ్జిలో గదులు తీసుకుని, సరుకు మంచాల కింద పెట్టుకుని, పగలు గదుల్లోనే అమ్మేవారు. తర్వాత ఆ లాడ్జే బజారైంది. మినియాపొలిస్ నుంచీ దుబాయ్ నుంచీ బంధువుల డబ్బు వచ్చి అంతస్తుల మీద అంతస్తుల షాపులు లేచాయి. ఇప్పుడు నైరోబీలో సగం మంది బట్టలు అక్కడే కొంటారంటే నమ్ముతాను (ఈ సగం లెక్క నాదే, మాస్టారు కోప్పడకండి). ఒక దశలో ఇది సముద్రపు దొంగల డబ్బు అని పేపర్లు కూడా రాశాయి. ఆ డబ్బు కూడా బయటిదే, అక్కడా అద్దెలు మండిపోయాయి. కానీ పొద్దున షట్టరు లేస్తే వందలమందికి కూలి దొరుకుతుంది. జూజాలో ముళ్లతీగ మధ్య ఉన్న ప్లాటు ఎవరికి కూలి పెడుతోంది?

తుంగభద్ర_తీరం
నైరోబీ దగ్గర ఆతి రివర్ అనే ఊళ్లో నాలుగేళ్లు ఉన్నాను. మీరు రేట్లే మాట్లాడుతున్నారు, కాగితాల మాట ఎత్తట్లేదు. 2023 అక్టోబరులో అక్కడ ఇళ్ల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. భూమి సిమెంటు కంపెనీదని కోర్టు తేల్చింది. కొని కట్టుకున్నవాళ్లు సామాను రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్నారు. అంతకు ముందు 2011లో నైరోబీ శివారు సియోకిమావులో కూడా ఇళ్లు కూల్చారు, ఎయిర్‌పోర్టు భూమి అని. చేతిలో పత్రాలున్నా ఆగలేదు. ఇటువైపు నైరోబీ పక్కనున్న కియాంబులో కాఫీ తోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్నారు, అదింకో ఏడుపు.

ఒక తమాషా చెబుతా. కెన్యా భూమి రిజిస్టరులో మన స్థలం తాలూకు పేజీని 'గ్రీన్ కార్డు' అంటారు. అమెరికా గ్రీన్ కార్డు సంపాదించి ఈ గ్రీన్ కార్డు చూసుకోనివాళ్లే ఎక్కువ మునుగుతున్నారు.

డాలస్_బాబాయ్
తుంగభద్ర గారూ, మీరు రాసింది చదివి మా నర్సమ్మకి ఆ గ్రీన్ కార్డు సంగతి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పోయిన ఏడాది ఆవిడ నైరోబీ వెళ్లి చూసుకుంటే, ఆ హద్దురాయి ఫోటో తనతో పాటు ఇంకో ముగ్గురి ఫోన్లలో ఉందట. రాయి ఒకటే, మీద అంకె ఒకటే, కొన్నవాళ్లు నలుగురు. ఇద్దరు అమెరికాలో, ఒకరు ఖతార్లో, ఈవిడ. కేసు నడుస్తోంది. ఫోటో చూపించడం మాత్రం మానలేదు.

ఇంకో మాట, మాస్టారు అడక్కముందే చెప్పేస్తా. నాకు షాద్‌నగర్ దగ్గర మూడు ప్లాట్లున్నాయి. 2016 తర్వాత మొహం చూడలేదు. కట్టే ఉద్దేశం లేదు. ఎందుకు కొన్నారంటే మా బావమరిది కొన్నాడు కాబట్టి.

కొండాపూర్_కిరణ్
బాబాయ్ గారూ, అమ్మే ఆలోచన ఉంటే చెప్పండి 🙂

శ్రీలత_అక్రా
మొత్తానికి చర్చలోంచి కూడా ఒకాయన కమిషన్ తీస్తున్నాడు.

పార్క్‌లాండ్స్_ప్రసాద్
అప్‌డేట్. ఆ ఇద్దరికీ మాటలు కలిశాయి. డిస్పాచ్ అమ్మాయే కదిలింది. వాళ్లక్క ప్లాటు జూజాలోనే ఉంది, పదేళ్లుగా గడ్డి. "నువ్వు అందులో రేకుల గది వేసుకో, కాపలా కూడా అవుతుంది" అంది స్టోర్ కీపర్‌తో. అందరం చప్పట్లు కొట్టాం. రాత్రి అక్కకి ఫోన్ చేస్తే ఆవిడ ససేమిరా అంది. ఇక్కడ పన్నెండేళ్లు ఎవరూ అడ్డుచెప్పకుండా భూమిలో ఉంటే హక్కు కోరవచ్చు. ఆ భయం ఆవిడది. తప్పంటానా? అన్నను.

చివరికి ఏడాదికోసారి కొత్తగా రాసుకునే కాగితం మీద ఒప్పందమైంది. గది వేయకూడదు, మొక్కజొన్న, చిక్కుడు, సుకుమా ఆకుకూర వేసుకోవచ్చు. ఆదివారం ఆదివారం వెళతాడట. నాకు రెండు కట్టలు తెస్తానన్నాడు. సోమవారం పొద్దున ఐదింటికి మటాటూ మామూలే.

లెక్కల_మాస్టారు
555 గజాలూ ఉన్నాయా? కొలిచారా?

పార్క్‌లాండ్స్_ప్రసాద్
టేపు పెట్టి కొలిచారు మాస్టారూ. 48 బై 100 వచ్చింది, 533 గజాలు. పక్క ప్లాటువాళ్ల గోడ రెండడుగులు ఇవతలికి జరిగింది. గోడ కట్టించినాయన బ్రిటన్‌లో ఉంటాడట.