విశ్వస్త వడ్డింపగా: బ్యాంకాక్‌లో గుర్తొచ్చిన ఒక పద్యపాదం

బాటసారి:

పెద్దలకు నమస్కారం. ఈ ఉదయం వీపున సంచి తగిలించుకొని బ్యాంకాక్‌లో దిగాను. ఒంటరిగా పరదేశానికి రావడం నాకు ఇదే మొదలు. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. రాతలో చివరి ఇకారం ఉన్నా పలుకులో అది మాయమై "సువన్నఫూమ్" అవుతున్నది. బస చేసిన వీధి ఖావ్‌సాన్. ఆ మాటకు బియ్యమని అర్థమట, ఒకప్పుడు అక్కడ బియ్యం అంగళ్ళు ఉండేవట. ఇప్పుడు నాలాంటి సంచివాళ్ళే కనిపిస్తున్నారు.

మధ్యాహ్నం రాజప్రాసాదం చూడబోతే, మోకాళ్ళు కనబడే నిక్కరుతో లోపలికి పోరాదని ద్వారం దగ్గరే ఆపేశారు. ఎదుట అంగడిలో ఏనుగుల బొమ్మలున్న గుడ్డ కొని నడుముకు చుట్టుకున్నాను. తరువాత మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కితే, అంతకుముందు ఎందరు పెట్టుకున్నారో తెలియని హెల్మెట్ ఒకటి నా నెత్తిన పెట్టారు. దారిలో వాన దంచికొట్టడంతో పలుచని ప్లాస్టిక్ కోటు ఒకటి తొడుక్కున్నాను. ఆ వేషంతోనే చీకటి పడే వేళకు యావరాత్ వీధిలో, అంటే ఇక్కడి చైనావారి పేటలో, తోపుడు బండి పక్కన ఎర్ర ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఒక ముసలామె గంజిలాంటి ఖావ్ తోమ్ గిన్నెలో పోసి, పైన వేయించిన వెల్లుల్లి చల్లి ఇచ్చింది. పక్క బండిలో అల్లపు నీటిలో తేలే తెల్లని ఉండలు తిన్నాను. కొరికితే లోపల నల్లనువ్వుల ముద్ద ఉంది.

అప్పుడు మా నాన్నగారు గడ్డం గీసుకుంటూ చదివే శ్రీనాథుని చాటుపద్యం ఒక్కసారిగా తోసుకొచ్చింది: కుల్లాయి పెట్టాను, కోక చుట్టాను, కూర్పాసము తొడిగాను, వెల్లుల్లీ తిలపిష్టమూ తిన్నాను, అంబలి తాగాను, తల్లీ కన్నడ రాజ్యలక్ష్మీ, దయలేదా అని. కుల్లాయి (టోపీ), కోక, కూర్పాసము (కుట్టిన అంగీ), వెల్లుల్లి, నువ్వులు, అంబలి, అన్నీ ఒక్క రోజులోనే నాకు జరిగిపోయాయి. అయితే రెండవ పాదం చివర "మెసవితిన్ విశ్వాస వడ్డింపగా" అని నా చెవిలో మోగుతున్నది. అది "విశ్వాస" అవునా, కాదా? ఆ వడ్డించిన ఆమె ఎవరు?

ఛందోభిమాని:

బాటసారి గారూ, అది "విశ్వాస" కాదు, "విశ్వస్త". మీ చెవి మిమ్మల్ని మోసం చేయడానికి కారణం ఉన్నది. ఈ పద్యం శార్దూలవృత్తం, అందులో ఆ చోట తగణం, అంటే రెండు గురువులు, ఒక లఘువు రావాలి, "విశ్వస్త" ఎంత తగణమో "విశ్వాస" కూడా అంతే తగణం. యతి "వె"కు "వి"తో రెండింటా చెల్లుతుంది. అందువల్ల ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. వ్యాకరణం చెబుతుంది: "వడ్డింపగా" అన్న క్రియకు కర్త కావాలి, విశ్వాసం గరిటె పట్టుకొని వడ్డించదు కదా.

పాత పలక:

చిరంజీవి చెప్పిన పాఠం సరైనదే. నలభై ఏళ్ళు తరగతి గదిలో ఈ చాటువు చెప్పినవాణ్ణి కనుక ఒక మాట కలుపుతాను. విశ్వస్త అంటే వితంతువు. "విశ్వస్తావిధవే సమే" అని అమరకోశం. దీనిమీద ఇంకా చర్చ దేనికో నాకు అర్థం కాదు. శ్రీనాథుడు విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువులో ప్రవేశం కోసం కాచుకొని, తన ఆచారానికి పడనివన్నీ ఒకటొకటిగా ఏకరువు పెడుతున్నాడు. టోపీ పెట్టాడు, కుట్టిన అంగీ తొడిగాడు, వెల్లుల్లి తిన్నాడు, అదీ వితంతువు వడ్డిస్తే తిన్నాడు. కష్టాలు మెట్లు మెట్లుగా పెరుగుతున్నాయి. "నమ్మకమైన ఆమె వడ్డించింది" అంటే అందులో ఫిర్యాదు ఎక్కడున్నది?

నిఘంటువు పురుగు:

మాస్టారికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. విశ్వస్త శబ్దానికి నమ్మదగిన, నమ్మకముంచిన, జంకు లేని అన్న అర్థాలు సంస్కృతంలో ముందునుంచీ ఉన్నాయి. స్త్రీలింగంలోని "విశ్వస్తా" తెలుగులోకి తత్సమంగా రాగానే చివరి దీర్ఘం పోయి "విశ్వస్త" అవుతుంది కనుక, రూపాన్నిబట్టి వితంతువా, నమ్మకస్తురాలా అని తేల్చలేము. అమరంలో ఒక అర్థం దొరికినంత మాత్రాన మిగిలిన అర్థాలు చచ్చిపోవు. నా ఊహ ఏమిటంటే, కవి రెంటినీ ఉద్దేశించాడు. పైకి "ఎంతో ఆదరంగా వడ్డించింది" అని రాజ్యలక్ష్మి మెప్పుకోసం, లోపల "చూడు, ఎవరిచేత తిన్నానో" అని ఎత్తిపొడుపు. శ్రీనాథుని వంటివాడు శ్లేష దొరికితే వదులుతాడా?

పాత పలక:

శ్లేష ఉన్నచోట శ్లేష చెప్పాలి, లేనిచోట పుట్టించరాదు.

పూటకూళ్ళ మనవరాలు:

మీరిద్దరూ వడ్డించిన ఆమెను గూర్చి మాట్లాడుతున్నారు గాని, వడ్డించే వాళ్ళ ఇంటినుంచి వచ్చినదాన్ని నేను. మా అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళకే భర్తను పోగొట్టుకొని, రైలు జంక్షన్ ఉన్న ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు పెట్టి ముగ్గురు పిల్లలను పెంచింది. పూటకూళ్ళమ్మ అంటే మా వైపు చాలామట్టుకు వితంతువే. ఆమె చేతి కూడు తినడం కష్టంగా భావించినవాళ్ళు ఆకు ముందునుంచి లేచిపోవడం మా అమ్మ చూసింది. వాళ్ళే మరుసటి పూట తిరిగి రావడం కూడా చూసింది. అందుచేత ఆ మాటకు వితంతువనే అర్థమే సరైనదని నేనూ ఒప్పుకుంటాను, కాని అది ఫిర్యాదు అని మాస్టారు అంత తేలికగా తేల్చడం నాకు మింగుడుపడలేదు. పరాయి ఊళ్ళో బాటసారికి అన్నం పెట్టేది ఎవరు? ఆ మాట వాస్తవం చెప్పడానికే వేసి ఉండవచ్చు కదా.

ఇంకొకటి. తిలపిష్టమంటే బాటసారి బాబు తిన్న తియ్యని నువ్వుల ముద్ద కాదు, నూనె తీసేశాక గానుగలో మిగిలే తెలగపిండి. దానిలో వెల్లుల్లి దంచివేసి కూర చేసి బాలింతలకు పెడతారు, పాలు పడతాయని. వెల్లుల్లినీ తిలపిష్టాన్నీ పక్కపక్కన వేసిన కవికి వంటిల్లు తెలుసునని నా అభిప్రాయం. మహాకవిని బాలింతల పథ్యం మీద కూర్చోబెట్టారన్నమాట.

ఛందోభిమాని:

బాలింతల పథ్యమన్న మాటకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను, ఇది ఏ వ్యాఖ్యానంలోనూ నేను చూడలేదు. అయితే అసలు చిక్కు మూడవ పాదం మొదట్లో ఉన్నది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "చల్లాయంబలి"యా, "చల్లానంబలి"యా? చల్లని అంబలి అనుకొని "చల్లనంబలి" అందామంటే మొదటి మూడక్షరాలు గురువు, లఘువు, గురువు అవుతాయి, అక్కడ కావలసిన మగణం, అంటే మూడు గురువులు, చెడుతుంది. "చల్లయంబలి" అన్నా అదే గతి. కనుక "ల్లా" దీర్ఘం తప్పదు. ఆ దీర్ఘం ఎక్కడిది? పాలూ నీళ్ళూ అన్నట్టు "చల్లా, అంబలీ" అని వాడుకలోని సముచ్చయదీర్ఘమని నేనంటాను. అప్పుడు యడాగమం వచ్చి "చల్లాయంబలి" అవుతుంది, మజ్జిగా అంబలీ రెండూ తాగాడని అర్థం. నకారం పెట్టేవాళ్ళు చల్లదనాన్ని మనసులో ఉంచుకొని పెడుతున్నారు, దానికి వ్యాకరణం తోడు రాదు.

నిఘంటువు పురుగు:

చాటువుకు నోరే తాళపత్రం. ఒకరి నోట యకారం, ఒకరి నోట నకారం. అసలు ఇది శ్రీనాథునిదేనని పూచీ ఎవరిస్తారు? నాలుగవ పాదంలో "నేను శ్రీనాథుడన్" అని ఉన్నది కాబట్టి అతనిదే అనడం, ఉత్తరం కింద సంతకం చూసి చేవ్రాలు పోల్చకుండా నమ్మడం వంటిది.

పాత పలక:

నాయనా, ఆ దారిన పోతే క్రీడాభిరామం శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా అన్న చోట తేలుతాం, అక్కడినుంచి బయటపడినవాణ్ణి నేను చూడలేదు. కాని పూటకూళ్ళమాట వచ్చింది కాబట్టి ఆ కావ్యంలోని ఓరుగంటి లక్ష్మణవజ్ఝల పూటకూటింటి భోజనం తలచుకోకుండా ఉండలేను. కప్పురభోగి బియ్యపు వంటకం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇవన్నీ కలిపి "రూకకున్", ఒక్క రూకకే. కప్పురభోగి అన్నది సన్నబియ్యం పేరు. బియ్యం పేరుగల వీధిలో బస చేసినవాడికి ఈ పద్యం గుర్తు రాకుండా ఆ నూగుపిండి పద్యం గుర్తు రావడం నాకు ఆశ్చర్యం. బాటసారీ, నీ గిన్నెకు ఎంత పుచ్చుకున్నారు?

బాటసారి:

యాభై బాత్‌లు మాస్టారూ. లక్ష్మణవజ్ఝల గుర్తు రాకపోవడానికి కారణం ఆకలి తీరిన తీరు. ఆ పద్యం కడుపు నిండినవాడిది, నాకు గుర్తొచ్చినది ఏమి తింటున్నాడో తెలియకుండా తిన్నవాడిది.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. అదే వీధిలో కొన్ని బండ్లకు పసుపుపచ్చ జెండాల మీద ఎర్ర అక్షరం ఒకటి కనిపించింది. బసలో అడిగితే అది "జే" అనీ, అక్కడ మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరనీ చెప్పారు. శ్రీనాథుడు ఈ వీధిలో నడిచి ఉంటే ఆ జెండా కిందికి చేరి తన ఆచారం కాపాడుకునేవాడు, మనకు పద్యం దక్కేది కాదు.

వడ్డించిన ఆమెను అక్కడివాళ్ళంతా "పా" అని పిలుస్తున్నారు. తల్లికిగాని తండ్రికిగాని అక్క అయినామెను అలా పిలుస్తారట, అంటే మన పెద్దమ్మగాని, పెద్ద మేనత్తగాని. నేనూ అలాగే పిలిచాను. ఆమె నా నడుముకున్న గుడ్డ చూసి నవ్వి, ముడి నడిమికి రావాలని సైగచేసి చూపింది. చుట్టుపక్కల వాళ్ళూ నవ్వారు. ఆమెకు భర్త ఉన్నాడో లేడో నేనెలా చెప్పను?

పూటకూళ్ళ మనవరాలు:

ఆ నవ్వు దగ్గర నాకు కోక మీద సందేహం పుట్టింది. ఇప్పుడు కోక అంటే ఆడవాళ్ళ చీరే. శ్రీనాథుడు చీర కట్టానని ఏడుస్తున్నాడని మా కాలేజీలో ఒకరు నిజంగానే పాఠం చెప్పారు.

పాత పలక:

ఎవరమ్మా ఆ మహానుభావుడు! పాత తెలుగులో కోక అంటే వస్త్రం, అంతే. మగవాడికీ కోకే. సయామువాళ్ళ సంప్రదాయపు కట్టులో ఒకటి చూశాను బొమ్మల్లో, చోంగ్ క్రాబేన్ అంటారు, కుచ్చు కాళ్ళ నడుమనుంచి వెనక్కి తీసి నడుమున దోపుతారు, అచ్చం మన గోచీకట్టు. అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూడా కట్టేవారట. కుల్లాయి మాత్రం పారసీకం నుంచి వచ్చిన మాట, అక్కడ "కులాహ్" అంటే టోపీ. విజయనగరపు కొలువులో పొడుగు కుల్లాయి, కబాయి (పొడుగు అంగీ) లేకుండా పెద్దలు రాజు ముందుకు రారు. 1424 నుంచి 1446 దాకా ఏలిన ప్రౌఢదేవరాయల కాలానికే ఆ వేషం కొలువుమర్యాద అయింది. నీ ప్రాసాదం ద్వారం దగ్గరా అదే జరిగింది, నిక్కరు మర్యాద కాదన్నారు, గుడ్డ మర్యాద అన్నారు.

నిఘంటువు పురుగు:

ప్రాసాదం మాట వచ్చింది కనుక, బాటసారి గారు దిగిన ఊరి అసలు పేరు ఎవరూ తలవలేదని నాకు వెలితిగా ఉన్నది. 1782లో మొదటి రాముడు నిలిపిన నగరం అది. ఆయన కొత్త ప్రాసాదం కోసమే అక్కడున్న చైనావాళ్ళను సంఫెంగ్ వైపు తరలించారు, మీరు గంజి తాగిన పేట మొదలైంది అలాగే. ఆ నగరం పూర్తి పేరులోని మాటలను మన ఉచ్చారణలో పెడితే మహానగర, రత్నకోసింద్ర, మహాతిలకభవ, నవరత్నరాజధానీ, పురీరమ్య, ఉత్తమరాజనివేశన, అమరవిమాన, శక్రదత్తియ, ఇలా సాగుతుంది. సంస్కృతమూ పాళీ కలిసిన ఆ సమాసం సీసపద్యంలో పడితే ఎట్లా ఉండేదో ఊహించండి. శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మిని వదిలి ఈ అమరవిమాన రాజధానీలక్ష్మిని "తల్లీ" అని పిలవడానికి పెద్దగా కష్టపడడు.

ఛందోభిమాని:

పడతాడు. "తల్లీ"కి "దా" యతి నిలవాలి, "ల్ల" ప్రాస నిలవాలి, నడుమ మీ రాజధానీలక్ష్మికి స్థలమెక్కడిది?

అది వదిలి, "విశ్వస్త"కు వద్దాం. మూడవ పాదంలో "రుచులు దోసంబంచు బోనాడితిన్" అన్నదాన్ని కలిపి చదివితే ఏదైనా తేలుతుందేమో. రుచి కోరడం దోషమనుకొని రుచులనే వదిలేశాడా, లేక ఈ రుచులు దోషమన్న పట్టుదలను వదిలేశాడా? మొదటిది విసుగు, రెండవది లొంగుబాటు. రెండవదే అయితే వడ్డించిన ఆమె మీద కూడా అతనికి ఫిర్యాదు మిగలదు.

పూటకూళ్ళ మనవరాలు:

చిన్నప్పుడు "దోసంబు" అంటే దోసె అనుకొనేదాన్ని. రుచిగా ఉందని దోసె తినేసి ఆకు పారేశాడని అర్థం చెప్పుకొన్నాను. ఇప్పుడు ఛందోభిమాని గారు చెప్పిన రెండవ అర్థం నాకు నచ్చింది, మా అమ్మమ్మ ఆకు ముందుకు తిరిగి వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళే.

పాత పలక:

రెండవ అర్థం నచ్చడం వేరు, అన్వయం కుదరడం వేరు. "పోనాడితిన్"కు కర్మ "రుచులు". పట్టుదల అన్న మాట పద్యంలో ఎక్కడున్నది? మీరు తెచ్చి పెడుతున్నారు.

బాటసారి:

ఈ ఉదయం మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. పగటిపూట ఆ బండి లేదు, ఆ చోట ఎండలో ఒక పిల్లి పడుకొని ఉన్నది. రాత్రి మళ్ళీ వెళ్తాను. అంతవరకు పద్యం మొదటి పాదాన్ని నా పుస్తకంలో రాసుకుందామని కూర్చున్నాను. నిన్న ఆ ముసలామె ముడి సరిచేయించింది కాబట్టి ఆ మాటనైనా తప్పు లేకుండా రాయాలి. "కోక సుట్టితి" అని రాయాలా, "కోకఁ జుట్టితి" అని రాయాలా?

ఛందోభిమాని:

"కోకన్" ద్వితీయ, ద్రుతాంతం. పరుషమైన చకారానికి సరళమైన జకారం వస్తుంది. "కోకఁ జుట్టితి".

పాత పలక:

జడవాచకానికి ద్వితీయకు బదులు ప్రథమ రావచ్చునన్న సంగతి మరిచావు. ప్రథమ మీద గసడదవాదేశం, చకారం సకారమవుతుంది. "కోక సుట్టితి". నలభై ఏళ్ళు అలాగే చెప్పాను.