కన్సల్టింగ్ వదిలి కంపెనీ స్ట్రాటజీలోకి: భీమవరం ఆఫర్ ఒప్పుకోవచ్చా?

రాజోలు అమ్మాయి అడుగుతున్నారు:

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి రెండెకరాల కొబ్బరి తోట, కొంచెం వరి. నేను ఎంబీఏ చేసి ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. సోమవారం తెల్లవారుజామున ముంబై విమానం, గురువారం రాత్రి తిరుగు ప్రయాణం. ఇంకో ఏడాదిలో పై మెట్టు ఎక్కాలి, లేదంటే మర్యాదగా బయటికి దారి చూపిస్తారు. అది నాకు భయం కాదు. ఎక్కగలననే అనుకుంటున్నాను.

నన్ను కదిలించింది వేరే. ఒక కంపెనీకి పద్నాలుగు వారాలు పనిచేసి, ఫ్యాక్టరీ విస్తరణ ఇప్పుడు వద్దని, ఉన్న మెషీన్లతోనే ఉత్పత్తి పెంచొచ్చని చెప్పాం. ఎండీ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. మేం సామాన్లు సర్దుకుని వచ్చేశాం. ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్తే, అదే స్థలంలో పునాదులు తవ్వుతున్నారు. మనసెందుకు మార్చుకున్నారో అడిగే హక్కు నాకు లేదు. ఆ రాత్రి హోటల్లో నిద్ర పట్టలేదు.

ఇప్పుడు భీమవరంలో ఒక రొయ్యల కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ, మేత ఫ్యాక్టరీ, ప్రాసెసింగ్ ప్లాంటు మూడూ ఉన్నాయి. కుటుంబ సంస్థ. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళాక, ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఎలా అని ఛైర్మన్ గారు ఆలోచనలో పడ్డారట. అందుకే స్ట్రాటజీ హెడ్ అని కొత్త ఉద్యోగం పెట్టారు. జీతం 46 లక్షల నుంచి 36కి తగ్గుతుంది. అమ్మానాన్నలకు గంటన్నర దూరంలో ఉంటాను.

కంపెనీ లోపల స్ట్రాటజీ వాళ్ళు రోజూ ఏం చేస్తారండీ? నచ్చకపోతే వెనక్కి రాగలనా? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

కాకినాడ తీరం:

నేను చెన్నైలో ఒక కంపెనీలో ఇదే పని రెండేళ్ళు చేసి బయటికి వచ్చాను. స్ట్రాటజీ అని చేర్చుకుని, బోర్డు మీటింగుకు స్లైడ్లు చేయించారు. నేను ఫైనాన్స్ హెడ్ కింద ఉండేవాణ్ణి. బడ్జెట్ ఖరారు చేసే గదిలోకి నన్ను ఒక్కసారీ పిలవలేదు. ఏ కొత్త మెషీన్ కొనాలో అక్కడే తేలిపోయేది. తేలాక దానికి కారణాలు రాయమని నాకు పంపేవారు. మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో, ఆ గదిలో మీకు కుర్చీ ఉందో లేదో చేరకముందే అడగండి. నేను మొహమాటపడి అడగలేదు.

లాకుల దగ్గరివాణ్ణి:

అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివాను. పునాదుల దగ్గర ఆగిపోయాను. నాకూ అలాంటిదే ఒకటి జరిగాక 2017లో కన్సల్టింగ్ మానేసి రొయ్యల వ్యాపారంలోనే ఉన్న ఒక కంపెనీలో చేరాను. మాది పాలకొల్లు వైపు.

రోజువారీ పని చెప్తాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చే ఏడాది ప్లాను, బడ్జెట్టు, బోర్డుకు కాగితాలు. మిగతా నెలల్లో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎవరి ప్లాంటైనా అమ్మకానికొస్తే కొనాలా వద్దా. మధ్యలో మా ఓనరు గారికి పేపర్లో చదివి వచ్చిన ఆలోచనకు వారంలో జవాబు. ఇవన్నీ మీకు చేతనైనవే. నాకు చేతకానిది ఒకటుండేది, అది తెలియడానికే నాలుగు నెలలు పట్టింది.

చేరిన నాలుగో నెలలో, రొయ్య కొనుగోళ్ళలో డీలర్లను తీసేద్దామని ప్రతిపాదించాను. కిలోకి కమీషన్ ఎంత, ఏడాదికి ఎన్ని టన్నులు అని గుణిస్తే పెద్ద మొత్తమే వచ్చింది. మన వ్యానే చెరువు గట్టుకు వెళ్ళి కొంటే ఆ డబ్బు రైతుకీ మనకీ మిగులుతుందన్నాను. లెక్కలో తప్పు లేదు. కొనుగోళ్ళు చూసే పెద్దాయన మీటింగులో ఒక్క మాటా అనలేదు. బయటికొచ్చాక టీ తాగుతూ మెల్లగా అడిగారు: "బాబుగారూ, చెరువులో సీడు, అంటే రొయ్య పిల్లలు, వదిలిన రోజు నుంచి రొయ్య పట్టే పట్టుబడి రోజు దాకా మేత అప్పు ఎవరిస్తారండీ?"

డీలరే ఇస్తాడు. పట్టుబడి రోజున బాకీ మినహాయించుకుని మిగతాది రైతు చేతిలో పెడతాడు. అతన్ని కాదని ఆ రైతు మాకు అమ్మలేడు. డీలరు వద్దంటే ఆ అప్పు మేమివ్వాలి. తెల్లమచ్చ తెగులొచ్చి చెరువు పోతే ఆ బాకీ కూడా మా నెత్తినే. నేను వేసిన లెక్కలో ఈ వరసే లేదు.

కన్సల్టెంటుగా అయితే ఆ సలహా ఇచ్చి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు రోజూ క్యాంటీన్లో ఆ పెద్దాయన ఎదురుగా కూర్చుని భోంచేయాలి. మర్నాడు ఆయన్నే అడిగాను, నన్నూ తీసుకెళ్ళమని. నెల రోజులు ఆయన బండి వెనక కూర్చుని ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు వైపు గట్లన్నీ తిరిగాను. తెగులు భయంతో 100 కౌంటుకే పట్టేసిన రైతు మొహం చూశాను. 30 కౌంటు దాకా ఆగి నిలబడిన రైతునీ చూశాను. కిలోకి వంద రొయ్యలు తూగడానికీ ముప్పై తూగడానికీ మధ్య ధరలో ఎంత తేడా ఉంటుందో నాకు అంతకుముందూ తెలుసు. ఆ తేడా రైతింట్లో ఏం చేస్తుందో తెలియదు.

మా నాన్న ఇరిగేషన్లో లస్కరు, కాలువ నీళ్ళు చూసుకునే ఉద్యోగి. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, వంతులవారీగా నీళ్ళు వదిలినప్పుడు ఆఫీసు కాగితాల్లో శివారుకు నీళ్ళు అందినట్టే ఉండేది. నాన్న మాత్రం రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని చివరి బోదె (పిల్ల కాలువ) దాకా నడిచి చూసొచ్చేవాడు. చిన్నప్పుడు నాకది అనవసరపు కష్టంలా అనిపించేది. ఆ నెల రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చాడో.

చివరికి మేం చేసింది చిన్న పని. డీలర్లు అలాగే ఉన్నారు. పట్టుబడి రోజునే కౌంటు, తూకం రాసిన చీటీ మా దగ్గర్నుంచి నేరుగా రైతు చేతికి వెళ్ళేలా చేశాం. ఆ ఆలోచన పెద్దాయనది. ఏడాదిన్నర పట్టింది. కానీ అది ఇవాళ్టికీ నడుస్తోంది, తప్పు జరిగిన రోజున ఫోను నాకే వస్తుంది. మీరు వెతుకుతున్నది ఇదేననిపిస్తోంది.

మీ ఛైర్మన్ గారి అమెరికా ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. వేరే దేశానికి అమ్మడమంటే కొనేవాణ్ణి మార్చడం ఒక్కటే కాదు. ఉదాహరణకు యూరప్ 2016లో మన చెరువు రొయ్య సరుకులో యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50కి పెంచింది. అంటే యూరప్ ప్లాను చెరువు పక్క మందుల షాపు దగ్గర మొదలవ్వాలి. రైతు ఏ మందు చల్లుతున్నాడో తెలియకుండా ఎన్ని దేశాల పేర్లు రాసినా లాభం లేదు. ఆ పని చేయడానికి మీకు ఫీల్డు మనుషులు కావాలి. వాళ్ళు మీ కింద ఉండరు. మీ మాట వినాలంటే ముందు మీరు వాళ్ళ మాట వినాలి.

ఛైర్మన్ గారిని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్య దెబ్బతిన్నప్పుడు ఏం చేశారు? 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చినప్పుడు ఎప్పుడు, ఎవరిని అడిగి మారారు? ఆ తరం వాళ్ళందరికీ ఈ రెండూ బాగా గుర్తుంటాయి. పక్కవాళ్ళ మాట విని మారిన సందర్భం ఒక్కటైనా చెప్తే వెళ్ళండి. ప్రతి కథలోనూ తనొక్కరే ఉంటే, జీతం పెంచినా వద్దు.

వెనక్కి రావడం గురించి: రెండేళ్ళ లోపైతే కన్సల్టింగ్ వాళ్ళు తీసుకుంటారు, తర్వాత అదే స్థాయిలో కష్టం. కానీ ఇక్కడ నిలబడితే ఒక యూనిట్ నడిపే అవకాశం వస్తుంది. నాకు నాలుగో ఏట మేత ఫ్యాక్టరీ అప్పగించారు.

తణుకు నుంచి, హెచ్ఆర్:

పైన చెప్పినవి బాగున్నాయి. నేను కాగితాల సంగతే చెప్తాను. జీతంలో ఎంత భాగం కంపెనీ లాభంతో ముడిపెట్టారో చూడండి. రొయ్య ధర మీ చేతిలో ఉండదు కాబట్టి, కనీసం సగం బోనస్ మీరు ఒప్పుకున్న పనులకు ముడిపెట్టమనండి. రెండేళ్ళ తర్వాత ఏదైనా యూనిట్ బాధ్యత ఇస్తామని నోటితో అంటే సరిపోదు, ఆఫర్ లెటర్లో ఒక వాక్యం రాయించుకోండి. ఆ కంపెనీ ఎప్పుడైనా మీ సంస్థకు క్లయింటుగా ఉందేమో, అలాంటి చోట చేరడానికి మీ పాత ఒప్పందం అడ్డొస్తుందేమో రాజీనామాకు ముందే చూసుకోండి.

రాజోలు అమ్మాయి:

అందరికీ చాలా థాంక్సండీ. క్లయింటు సమస్య లేదు, చూశాను. నిన్న ఛైర్మన్ గారికి ఫోన్ చేసి బడ్జెట్ మీటింగుల గురించి అడిగాను. "మీరు రాకపోతే ఇంకెందుకమ్మా" అన్నారు. తెల్లమచ్చ గురించి ఫోన్లో అడగాలనిపించలేదు, ఎదురుగా కూర్చుని అడుగుతాను. ఈ శనివారం ప్లాంటు చూపిస్తామన్నారు. నాన్నగారూ వస్తానంటున్నారు. చించినాడ వంతెన మీదుగా పొద్దున్నే బయల్దేరతాం.

లాకుల దగ్గరి అన్నయ్యగారూ, ప్లాంటులో ముందు ఏం చూడమంటారు?

లాకుల దగ్గరివాణ్ణి:

నాన్నగారు రావడం మంచిదమ్మా. ప్లాంటు తర్వాత చూడొచ్చు. ఆ రోజు ఎక్కడైనా పట్టుబడి ఉంటే ముందు అక్కడికి పంపమనండి. ఎండెక్కకముందే పట్టేస్తారు, కాబట్టి శుక్రవారం రాత్రికే భీమవరం చేరుకోండి. తూకం దగ్గర నిలబడి, కంపెనీ మనిషి రైతుతో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. ఐసు వేసిన లారీ వెనకే ప్లాంటుకు వెళ్ళండి. చెప్పులు కాకుండా, బురదలో దిగినా పర్లేదనుకునే బూట్లు వేసుకోండి.