గ్రిఫాన్ స్పిట్‌ఫైర్ టేకాఫ్‌లో బోల్తా: "పైలట్ తప్పు" అంటే సరిపోతుందా?

తోకచక్రం:
2017 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లోంగ్వియోన్‌లో విమాన ప్రదర్శనలో జరిగిన ప్రమాదం వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పీఎస్890 అనే స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్), యుద్ధం తర్వాత థాయ్‌లాండ్ వైమానిక దళంలో పనిచేసిన విమానం. టేకాఫ్ పరుగులో తోక లేచింది, ముక్కు ఇంకా ఇంకా వంగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది, విమానం వెల్లకిలా పడింది. పైలట్ చిన్న గాయాలతో బయటపడ్డాడు. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: తోక ఎక్కువ లేపాడు.

నేను ఒప్పుకోను. మొదటి స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్ దాదాపు 1,030 హార్స్‌పవర్. ఈ రకంలోని గ్రిఫాన్ ఇంజిన్ 2,000 పైచిలుకు. అంటే బలం రెట్టింపయింది, ముక్కు బరువు పెరిగింది. చక్రాలు మాత్రం అదే ఇరుకు దూరంలో ఉండిపోయాయి. పైగా ఆ పొడుగు ముక్కు వల్ల తోక లేచేదాకా పైలట్‌కు ఎదురుగా రన్‌వే కనబడదు. తోక త్వరగా లేపాలని అతనికి అనిపించేలా చేసింది ఆ విమానమే కదా.

రన్‌వే09:
తోకచక్రం గారూ, ముందు ఒక సవరణ. అది తుపాకులు లేని ఫోటో నిఘా రకం. అసలు విషయానికి వస్తే, గ్రిఫాన్ గుణం పైలట్లకు 1940ల నుంచీ తెలుసు. మెర్లిన్ స్పిట్‌ఫైర్ ఎడమకు లాగితే గ్రిఫాన్ కుడికి లాగుతుంది, అంతా టార్క్ వల్లే, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్ విమానాన్ని ఎదురు దిక్కుకు మెలిపెట్టే బలం వల్లే. మన వైమానిక దళం కూడా గ్రిఫాన్ స్పిట్‌ఫైర్లు, టెంపెస్ట్ అనే ఇంకో రకం బ్రిటిష్ ఫైటర్లు నడిపింది. 1948లో హైదరాబాద్ మీద పోలీసు చర్యకు వచ్చినవి ఆ టెంపెస్ట్‌లే. పాతికేళ్లు కూడా నిండని కుర్రాళ్లు వాటిని రోజూ లేపారు. థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే, తగ్గించే పిడి) పట్టుకున్నవాడిదే బాధ్యత. ఇందులో నాకు సందేహం లేదు.

బొంగరం:
ఇద్దరూ రెండు వేర్వేరు జబ్బుల్ని కలిపేస్తున్నారు. పక్కకు లాగడం వేరు, ముక్కు మీద పడటం వేరు. లోంగ్వియోన్‌లో జరిగింది రెండోది.

పక్కకు లాగడానికి కూడా టార్క్ ఒక్కటే కారణం కాదు. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి మెలి తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఒక పక్క నుంచి కొడుతుంది. తోక లేచే క్షణంలో ఇంకొకటి తోడవుతుంది. తిరిగే బొంగరాన్ని ఒక వైపు నెడితే అది ఇంకో వైపుకు ఒరుగుతుంది కదా, ప్రొపెల్లర్ కూడా అంతే. 1950లో కొరియా యుద్ధానికి వెళ్లిన సీఫైర్ 47కు (స్పిట్‌ఫైర్ నౌకాదళ రకం) ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లు పెట్టి ఈ బాధ తప్పించారు.

ముక్కు మీద పడటానికి అది మందు కాదు. చక్రాలు విమానం బరువు కేంద్రానికి కొంచెమే ముందు ఉంటాయి. తోక లేచే కొద్దీ ఆ కేంద్రం చక్రాల మీదికి జరుగుతుంది, కాపాడే కాస్త దూరమూ కరిగిపోతుంది. పైన ఇంజిన్ ముందుకు లాగుతూనే ఉంటుంది. అక్కడి నుంచి తోకను కిందికి తేవడం చాలా కష్టం.

తోకచక్రం:
బొంగరం గారూ, థ్యాంక్స్, నేను చెప్పలేకపోయింది ఇదే. యుద్ధకాలంలో గాలి ఎక్కువగా ఉన్నప్పుడు స్పిట్‌ఫైర్ నేల మీద నడిచేటప్పుడు ముక్కు మీద పడకుండా గ్రౌండ్ సిబ్బంది తోక మీద కూర్చునేవాళ్లు. 1945లో ఒక మహిళా సిబ్బంది ఇంకా తోక మీద ఉండగానే పైలట్ టేకాఫ్ చేసేశాడు, అదృష్టం బాగుండి ఆమెతో సహా క్షేమంగా దిగాడు. నేల మీదే మనిషి బరువు అవసరమైన విమానం ఇది. తప్పంతా ఒక్క చేతి మీద వేయడం అన్యాయం.

రన్‌వే09:
టార్క్ సంగతి ఒప్పుకుంటున్నాను, బొంగరం గారు సరిగ్గా చెప్పారు. కానీ తోకచక్రం గారూ, మీరు చెప్పిన కథే నా వైపు మాట్లాడుతోంది. ఆ ప్రమాదం తెలుసు కాబట్టే మనిషిని కూర్చోబెట్టారు. ఇవాళ ఈ విమానాలు నడిపేవాళ్లు ఏడాదిలో ఎన్నిసార్లు ఎగురుతారు? అప్పటి కుర్రాళ్లు రోజూ ఎగిరేవాళ్లు. ప్రదర్శనకు ముందు జనం లేని చోట ఇలాంటి టేకాఫ్‌లు వరసగా చేయించాలి. విమానం గుణం మారదు. చేతికి అలవాటు మాత్రం తప్పకుండా పెంచవచ్చు.

తోకచక్రం:
ఆ షరతుకు నేనూ ఒప్పుకుంటాను. "పైలట్ తప్పు" అన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.