నాన్నగారి గ్రామఫోన్ రికార్డులను డిజిటల్‌లోకి మార్చే ముందు: ఎల్‌పీ ధ్వని నిజంగానే వేరా?

సందేహం (తెనాలి నుండి)

పెద్దలకు నమస్కారం. మా నాన్నగారికి ఇప్పుడు 76 ఏళ్లు. ఉద్యోగంలో చేరిన రోజుల నుండి ఆయన కొని దాచుకున్న నలభై దాకా ఎల్‌పీలు, మా తాతగారి నుండి వచ్చిన పద్య నాటకాల 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) పదిహేను, రెండు పెట్టెల నిండా క్యాసెట్లు మా ఇంట్లో ఉన్నాయి. పాత రికార్డ్ ప్లేయర్ చెడిపోయి చాలా కాలమైంది. గత నెలలో ఘంటసాల గారి భగవద్గీతను ఫోనులో పెట్టి బ్లూటూత్ స్పీకరులో ఆయనకు వినిపించాను. నాలుగు శ్లోకాలు విని, "ఇది నేను విన్నది కాదమ్మా, గొంతు మీదికొచ్చి పడుతోంది, వెనక వాద్యాలకు ఊపిరాడడం లేదు" అన్నారు. మరుసటి రోజు మళ్లీ పెట్టబోతే వద్దన్నారు.

హైదరాబాదులో ఉండే మా అన్నయ్య మాత్రం ఎల్‌పీ గొప్పతనమంతా పాత జ్ఞాపకాల మహిమేననీ, సీడీ లెక్కల ముందు రికార్డు నిలవదనీ, అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి రికార్డులను అమ్మేద్దామనీ అంటున్నాడు. నేను తెలిసినవారి టర్న్‌టేబుల్ అడిగి తెచ్చి, దాని తీగను నేరుగా ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టి ఒక ఎల్‌పీని ఎక్కించి చూశాను. ధ్వని రేకు డబ్బాలో నుండి వస్తున్నట్టు పలచగా, కీచుగా ఉంది. దానితో నాన్నగారి మాటే నిజమనిపించింది. అనలాగ్ ధ్వనిలో డిజిటల్‌కు అందనిది ఏదైనా ఉందా? ఉంటే ఈ ఎక్కించే పని వృథా అవుతుందా? లేకపోతే ఏ పద్ధతిలో చేయాలి? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (విజయవాడ నుండి, విశ్రాంత ధ్వని ఇంజనీరు)

అమ్మా, మీ నాన్నగారి చెవి పొరపాటు పడలేదు, మీ అన్నయ్యగారి లెక్కలూ తప్పు కావు. వారిద్దరూ మాట్లాడుతున్నది ఒకే విషయం గురించి కాదు, అంతే. మీరు చేసిన ప్రయోగంలో మాత్రం ఒక లోపం ఉంది. దాన్ని ముందు సరిచేసుకుంటే మిగిలిన సంగతి తేలికవుతుంది.

ఎల్‌పీ మీద గాడిని కోసేటప్పుడు మంద్ర స్వరాలను బాగా తగ్గించి, తార స్వరాలను బాగా పెంచి కోస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ చాలా వెడల్పుగా ఊగి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది, పైగా ఒక వైపు ఇరవై నిమిషాల సంగీతం పట్టదు. తార స్వరాలను పెంచడం దేనికంటే, వినేటప్పుడు వాటిని తిరిగి తగ్గించినప్పుడు రికార్డు ఉపరితలపు కరకర కూడా వాటితో పాటే తగ్గిపోతుంది. ఈ హెచ్చుతగ్గులకు 1950ల మధ్య నుండి ఆర్‌ఐఏఏ అనే ఒకే కొలత స్థిరపడింది. 20 హెర్ట్‌జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్లు తగ్గించి, 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర దాదాపు అంతే పెంచుతారు. దీన్ని వెనక్కు తిప్పే పని ఫోనో ప్రీయాంప్ అనే చిన్న పెట్టెది. మీరు ఆ పెట్టె లేకుండా నేరుగా కలిపారు కనుక మంద్రం పోయిన, కీచుదనం పెరిగిన ధ్వని వచ్చింది. పైగా ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే మాగ్నెట్ కార్ట్రిడ్జి నుండి వచ్చే సంకేతం నాలుగైదు మిల్లీవోల్టులకు మించదు, ల్యాప్‌టాప్ మైకు రంధ్రమేమో చాలావరకు ఒక్క ఛానెలుదే. కాబట్టి మీరు విన్న రేకు డబ్బా ధ్వని డిజిటల్ దోషం కాదు.

ఇక మీ నాన్నగారి మాటకు వస్తాను. ఆయన విన్న ఎల్‌పీకీ, మీరు ఫోనులో పెట్టినదానికీ మూలమైన గానం ఒకటే కావచ్చు గాని, మధ్యలో ఎన్నో చేతులు మారి ఉంటాయి. ఒక పాత రికార్డింగును సీడీకో, ఆన్‌లైన్‌కో సిద్ధం చేసేటప్పుడు మూలం ఏ టేపు, దాని నకలు ఎన్నో తరానిది, టేపు బుసను ఎంత గట్టిగా తీసేశారు, నెమ్మదైన చోట్లను పైకి లేపి గట్టి చోట్లను అణచి మొత్తాన్ని ఎంత సమంగా బిగించారు అన్నవన్నీ ఆ పని చేసిన మనిషి నిర్ణయాలే. బుస తీసేటప్పుడు తంబుర నాదంలోని పలుచని అంచులు కూడా దానితో పోతాయి. బిగింపు ఎక్కువైతే గొంతుకూ వెనుక వాద్యాలకూ మధ్య దూరం చెరిగిపోతుంది. "గొంతు మీదికొచ్చి పడుతోంది, వాద్యాలకు ఊపిరాడడం లేదు" అన్న ఆయన మాట ఆ బిగింపును వర్ణించడానికి మా వృత్తిలో వాడే మాటలకన్నా బాగుంది. దీని పైన బ్లూటూత్ కుదింపు ఒకటి, గుప్పెడంత స్పీకరు ఒకటి.

అందువల్ల అనలాగా డిజిటలా అన్న ప్రశ్నను మీ ఇంట్లోనే తేల్చుకునే మార్గం చెబుతాను. టర్న్‌టేబుల్, ఫోనో ప్రీయాంప్, రెండు ఛానెళ్ల లైన్ ఇన్‌పుట్ ఉన్న ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ సమకూర్చుకోండి. మీ నాన్నగారికి బాగా తెలిసిన ఒక ఎల్‌పీని, ఏ శుద్ధీ చేయకుండా, పటపటలతో సహా 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్ల సీడీ కొలతలోనే, అంటే సెకనుకు 44,100 కొలతలతో, ఎక్కించండి. తరువాత అదే యాంప్లిఫయరు, అవే స్పీకర్లలో ఒకసారి ఎల్‌పీని, ఒకసారి ఈ నకలును, ఏది ఏదో ఆయనకు చెప్పకుండా వినిపించండి. రెండింటి వాల్యూమ్ ఖచ్చితంగా సమానంగా ఉండాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు మన చెవికి తోస్తుంది. ఒకటి రెండుసార్లు అడిగితే చాలదు, కనీసం పదిసార్లు అడిగి ఆయన జవాబులను రాసుకోండి.

ఆ పరీక్ష తరువాత అసలు పని మొదలుపెట్టినప్పుడు 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో ఎక్కించండి. వినడంలో తేడా తెలుస్తుందని కాదు, రికార్డు చేసే స్థాయిని కిందికి పెట్టుకోవడానికి వెసులుబాటు ఉంటుందని. అతి గట్టి చోటు కూడా గరిష్ఠానికి ఆరు డెసిబెల్లు తక్కువలో ఉండాలి, ఒకసారి గరిష్ఠం దాటి నలిగిపోయిన డిజిటల్ ధ్వనిని తిరిగి తెచ్చుకోలేము. ఈ కొలతలో నిమిషానికి దాదాపు 35 మెగాబైట్లు పడుతుంది, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపంలో దాచుకుంటే చాలా తగ్గుతుంది. ఎక్కించడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. శుద్ధి చేయని మూల నకలును విడిగా భద్రపరచి, పటపటలు తీసే ప్రయత్నాలన్నీ రెండో నకలు మీదనే చేయండి.

78 ప్లేట్ల విషయంలో మాత్రం తొందరపడకండి. వాటి గాడి ఎల్‌పీ గాడికన్నా దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 18 మైక్రానులైతే 78 ప్లేటుకు 65 నుండి 75 మైక్రానుల ముల్లు కావాలి. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున మట్టిలో తిరుగుతూ రొదను తప్ప మరేదీ వినిపించదు. వాటిని స్పిరిట్‌తో గాని, ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవంతో గాని ఎన్నడూ తుడవకండి. అవి లక్కతో చేసినవి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పెద్దాయన ఇంటి ప్లేటును ఎల్‌పీలాగే స్పిరిట్ దూదితో తుడిచాను. నల్లని మెరుగంతా దూదికి అంటుకుంది, ఆ పద్యం మళ్లీ వినబడలేదు. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన మెత్తని గుడ్డతో గాడి వెంట తుడిచి వెంటనే ఆరబెట్టండి.

వేగాన్ని కూడా సరిచూడండి. 78 అని పేరేగాని తొలినాటి ప్లేట్లన్నీ సరిగ్గా అదే వేగంలో రికార్డు కాలేదు. వేగం ఆరు శాతం తేడా వస్తే శ్రుతి ఒక మెట్టు మారుతుంది, గొంతు వయసు కూడా మారినట్టు వినబడుతుంది. పద్యం వెనుక హార్మోనియం ఉంటే దాన్ని శ్రుతిపెట్టెతో పోల్చి చూడవచ్చు.

మరొక అభిప్రాయం (విశాఖపట్నం నుండి)

పెద్దవారు చెప్పిన జాగ్రత్తలన్నీ విలువైనవే గాని, మూల ప్రశ్నను వారు తేలిక చేశారని నాకు అనిపిస్తోంది. ముప్పై ఏళ్లుగా నేను ఎల్‌పీలే వింటున్నాను. గాడి అనేది ధ్వని తరంగానికి తెగని అచ్చు. డిజిటల్‌లో దాన్ని సెకనుకు 44,100 ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్నదాన్ని వదిలేస్తారు. గమకాలే ప్రాణమైన మన సంగీతంలో, స్వరానికీ స్వరానికీ మధ్య జారే ఆ నాదమే కదా పోయేది? ద్వారం వారి వయొలిన్ విన్నవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

విజయవాడ నుండి తిరిగి

మీ శ్రోతృత్వం పట్ల నాకు గౌరవం ఉంది, అందుకే సూటిగా చెబుతాను. ముక్కల మధ్య ఉన్నది పోతుందన్నది వినడానికి సహజంగా తోచే భావనే గాని నిజం కాదు. ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో కొలతలు తీసుకుంటే, ఆ కొలతల గుండా పోగలిగే తరంగం ఆ పరిధిలో ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. దీనినే నైక్విస్ట్, షానన్‌ల పేర్లతో చెప్పుకుంటాము. డిజిటల్ యంత్రం నుండి బయటికి వచ్చేది మెట్ల వరుస కాదు, వడపోత తరువాత మళ్లీ తెగని తరంగమే వస్తుంది. సెకనుకు 44,100 కొలతలతో 22 కిలోహెర్ట్‌జ్ దాకా ఉన్నదంతా పట్టుబడుతుంది, మన చెవి పరిధి ఎంత బాగున్నా 20 దగ్గర ఆగుతుంది. గమకం ఎంత వేగంగా జారినా అది ఆ పరిధిలోనిదే.

తెగని అచ్చు అయిన గాడికి దాని హద్దులు దానికి ఉన్నాయి. ఎల్‌పీ వెలుపలి అంచున ముల్లు కింద గాడి సెకనుకు అర మీటరు పైగా పరుగెత్తుతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అందుకే కచేరీ రికార్డులో వైపు చివర వచ్చే తారస్థాయి సంగతులు కొంచెం చీలినట్టు వినబడతాయి. నెమ్మదికీ గట్టికీ మధ్య సీడీ దాదాపు 96 డెసిబెల్ల అంతరాన్ని పట్టగలిగితే, మంచి ఎల్‌పీ 70 దాకా రావడమే గొప్ప.

2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక పరీక్షను ప్రచురించారు. ఎక్కువ కొలతల డిస్కుల ధ్వనిని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ కొలతలోకి కుదించి ఒకసారి వినిపించి గుర్తుపట్టమంటే, 554 ప్రయత్నాలలో 276 సరైనవి. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. 2022లో మరొకటి తెలిసింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా సంస్థ ఎన్నో ఏళ్లుగా తెస్తున్న ఎల్‌పీలను స్వచ్ఛమైన అనలాగ్ అని శ్రోతలు నమ్మి మెచ్చుకున్నారు. వాటిలో చాలావాటికి మూల టేపును ముందు డిజిటల్‌లోకి తీసుకుని, ఆ తరువాతనే గాడి కోశారని అప్పుడు బయటపడింది. ఆ రికార్డులు బాగున్నాయన్న మాట ఇప్పటికీ నిజమే, అవి బాగుండటానికి చెప్పిన కారణమే నిజం కాలేదు.

అయితే మీకు ఎల్‌పీ ఇష్టమన్నదాన్ని నేను కాదనడం లేదు. రికార్డు తీసి, తుడిచి, ముల్లు దించి, ఇరవై నిమిషాలు లేవకుండా కూర్చుని వినడం ఒక శ్రద్ధ. ఆ మంద్రపు నిండుదనం, ఆ పలుచని కరకర కొందరికి హాయి. నాకూ హాయే. దాన్ని ఇష్టమని ధైర్యంగా చెప్పుకుందాము, భౌతికశాస్త్రం మీద మోపకుండా.

తెనాలి నుండి తిరిగి

మాస్టారూ, మీరు చెప్పినట్టే ఫోనో ప్రీయాంపు, ఇంటర్‌ఫేస్ తెప్పించి పరీక్ష చేశాను. నాన్నగారు పన్నెండు సార్లలో ఆరుసార్లు సరిగా చెప్పారు. నకలు మోగుతున్నప్పుడు కూడా "ఇదీ మన రికార్డే కదా" అన్నారు. అన్నయ్య సంతోషించాడు గాని, ఫోనులోది మళ్లీ పెడితే ఆయన ఒక్క నిమిషంలో గుర్తుపట్టి ఆపమన్నారు. దానితో అన్నయ్య కూడా రికార్డులు అమ్మే మాట మానేశాడు. ఇప్పుడు క్యాసెట్ల సంగతి చెప్పండి. వాటిలో చాలావరకు సినిమా పాటలు, రేడియో నుండి ఎక్కించుకున్న భక్తిగీతాలు. ఒకదానిలో మాత్రం మా నానమ్మ పాడిన మంగళహారతులు ఉన్నాయి. ఎల్‌పీలన్నీ అయ్యాక క్యాసెట్లు మొదలుపెట్టవచ్చా?

విజయవాడ నుండి

అమ్మా, వరుస తిరగేయండి. ఎల్‌పీలు ఇంకా ఎందరి ఇళ్లలోనో ఉన్నాయి, మంచి గాడి వందేళ్లయినా నిలుస్తుంది. మీ నానమ్మగారి గొంతు ప్రపంచంలో ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. క్యాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపు, అది నడిచేది సెకనుకు ఐదు సెంటీమీటర్లకు లోపు, కాబట్టి దాని మీద అచ్చు చాలా పలచగా ఉంటుంది.

ఆ క్యాసెట్‌ను ముందుగా మామూలు డెక్కులో పెట్టకండి. లోపల టేపును, దాన్ని చదివే హెడ్డుకు అదిమే చిన్న మెత్త ఊడిపోయిందేమో చూడండి. ఊడితే పెట్టె విప్పి, టేపు చుట్టలను మరో మంచి క్యాసెట్ డొల్లలోకి మార్చాలి. డెక్కు హెడ్డును, రబ్బరు రోలరును ముందు శుభ్రం చేయించి, అక్కరలేని ఒక క్యాసెట్‌తో డెక్కు టేపును నమలడం లేదని రూఢి చేసుకోండి. ఆ తరువాత మీ నానమ్మగారి టేపును ఒకసారి మెల్లగా ఆ చివరి దాకా, తిరిగి మొదటికి చుట్టి, అప్పుడు ఎక్కించండి. ధ్వని మసకగా ఉంటే వెంటనే ట్రెబుల్ పెంచవద్దు. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూతో దాని వాలును వెంట్రుకవాసి సరిచేస్తే ఆ మసక దానంతట అదే విడిపోవచ్చు, తెలిసిన మెకానిక్ చేత చేయించండి. బుసను తగ్గించే డాల్బీ మీటను మొదట ఆపి ఉంచండి, ఇంటి టేపురికార్డరులో ఎక్కించినదానికి అది చాలావరకు అవసరం ఉండదు.

ఇవన్నీ సమకూరడానికి కొన్ని రోజులు పడతాయి. ఈలోగా ఆ క్యాసెట్ వెనుక అంచున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులను ఈ రోజే విరిచేయండి. అవి లేకపోతే ఎవరు పొరపాటున నొక్కినా రికార్డు మీట దిగదు.